మార్మికత – మానవ చేతనా వికాసం

మానవుని దేహం వలెనే అతని చేతన కూడ క్రమవికాసం పొందుతున్నదా? 1859లో డార్విన్ జీవజాతుల పుట్టుకను గూర్చి గ్రంథం ప్రకటించిన నాటి నుండి ఈ ప్రశ్న ఆలోచనాపరులను వదలలేదు. అంతకు ఆరు శతాబ్దాల పూర్వమే మౌలానా రూమీ (1207–1273) తన మస్నవీలో ఖనిజం, వృక్షం, జంతువు, మానవుడు అనే మెట్ల మీదుగా సాగే ఆత్మ ప్రయాణాన్ని వర్ణించి, మానవదశ తుదిమెట్టు కాదని సూచించారు. 1930లో గ్రంథరూపం దాల్చిన ఉపన్యాసాలలో ఇక్బాల్ ఈ భావాన్ని ఆధునిక దృష్టితో పరిశీలించారు. 1914లో ఆరంభమైన 'ఆర్య' పత్రికలో శ్రీ అరవిందులు చేతనా పరిణామాన్ని వేదాంత పరిభాషలో వివరించారు. అయితే రూమీ చెప్పినది జీవశాస్త్రం కాదు, ఆత్మసంస్కారం. ఈ రెంటినీ కలగాపులగం చేయరాదు.

సూఫీలు ఈ సంస్కారానికి ఖుర్ఆన్ నుండే మూడు మెట్లను గ్రహించారు. చెడుకు పురికొల్పే మనస్సు 'అమ్మారా'. తన్ను తాను నిందించుకొనే మనస్సు 'లవ్వామా'. శాంతి పొందిన మనస్సు 'ముత్మయిన్నా'. వీటిలో దాచినది ఏమున్నది? అందరూ చదివే గ్రంథంలోనివే కదా! ఈత నేర్చిన వానికి గాని నీటి మీద తేలడమేమిటో తెలియనట్లు, సాధన చేసిన వానికి గాని ఇవి బోధపడవు. మార్మికతలోని మర్మం ఇంతే. తాయెత్తులమ్మి, భయపెట్టి సొమ్ము గుంజే వారి విద్యకు ఈ పేరు తగదు.

పిఠాపురంలో ఆధ్యాత్మిక పీఠాధిపతిగా వెలసిన ఉమర్ ఆలీషా కవి (1885–1945) ఈ సత్యానికి మన తెలుగునాట నిదర్శనం. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుండి తెలుగు పద్యాలలోనికి తెచ్చిన ఆయన కేంద్ర శాసనసభ సభ్యులుగా కూడ పనిచేశారు. అంతర్ముఖుడైనవాడు లోకానికి విముఖుడు కానక్కరలేదని ఆ జీవితం చాటుతున్నది.

ఇక మన నెల్లూరు సంగతి. ప్రతి ముహర్రం మాసంలో స్వర్ణాల చెరువు ఒడ్డున, పన్నెండుగురు అమరుల పేర వెలసిన బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగ జరుగుతున్నది. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ హిందువులు, ముస్లింలు చెరువు నీటిలో నిలిచి రొట్టెలు మార్చుకొంటారు. దర్గాల వద్ద కోరికలు కోరడం సమ్మతమా అని మనలో భిన్నాభిప్రాయాలు కలవు. ఇచ్చేవాడు దైవమొక్కడే అనుటలో మాకు సందేహం లేదు. కాని ఈ పండుగలోని ఒక నియమం ఆలోచింపదగినది. కోరిక తీరినవాడు తిరిగి వచ్చి, అదే కోరిక గల మరొకరికి ఆ పేరిట రొట్టె ఇవ్వాలి. నిన్న 'నాకు' అని చాచిన చేయి నేడు 'నీకు' అని చాస్తున్నది. ఆ ఇద్దరి నడుమ కులమతాల విచారణ లేదు. కోరిక అణగలేదు, కాని దాని దిశ మారినది. చేతన వికసించడమంటే ఇదే అని మా అభిప్రాయం.

రొట్టె పుచ్చుకొని, ఉద్యోగం సంపాదించి, చెరువు దారి మరచినవాడు ఎన్ని వేదాంత గ్రంథాలు చదివినా మొదటి మెట్టు మీదనే ఉన్నాడు. చదువు విషయమూ ఇంతే. పట్టా పొందిన విద్యార్థి తన వీధిలో చదువుకు నోచుకోని ఒక బిడ్డకు అక్షరం నేర్పనినాడు ఆ విద్య కూడ తిరిగి ఇవ్వని రొట్టెయే. మానవజాతి రేపు ఏ మెట్టు ఎక్కుతుందో పండితులు చర్చింతురు గాక. తీసుకొన్న చేయి ఇచ్చే చేయిగా మారడం మాత్రం నేడే, మన చేతిలోనే ఉన్నది. విద్యార్థులారా, ఆ మెట్టు ఎక్కండి.