అంతం లేని పరుగు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన ఇళ్లలోనూ సెలవు వచ్చిందంటే ఫోను పిల్లల చేతికి చేరుతుంది. వారిని కట్టిపడేసే పరుగు ఆటల్లో ‘టెంపుల్ రన్ 2’ ఒకటి. దాని మంచిచెడ్డలను ఈ నెల పరిశీలిద్దాం.

కీత్ షెపర్డ్, నటాలియా లుక్యానోవా దంపతుల ఇమాంగీ స్టూడియోస్ ‘టెంపుల్ రన్’ను 2011లో, ఈ రెండో భాగాన్ని 2013 జనవరిలో విడుదల చేసింది. మొదటిదానిలో దారులు తిన్నగా సాగేవి. ఇందులో అవి కొండల మీద వంపులు తిరుగుతాయి. తీగ పట్టుకొని జారాలి, గనిబండిలో దూసుకుపోవాలి. కంటికీ వేలికీ పొందిక కుదరాలి. ఇంతవరకు మెచ్చదగినదే.

లోపమేమిటంటే, ఈ పరుగుకు గమ్యం లేదు. పడిపోయినవాడు ఒక రత్నం చెల్లించి లేవవచ్చు. అదే పరుగులో మళ్లీ పడితే రెండు, ఆపైన నాలుగు చెల్లించాలి. ఆ రత్నాలను డబ్బుకూ అమ్ముతారు. అక్కడ పరీక్ష పిల్లవాని నేర్పుకు కాదు, తండ్రి జేబుకు.

1992 నాటి ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్ 2’ కూడా వేగానికి పేరుపొందిన రెండో భాగమే. కాని దానికి ముగింపు ఉంది. అన్న సోనిక్‌ను నడిపిస్తుంటే తమ్ముడు టెయిల్స్‌ను నడిపించవచ్చు.

కనుక మా అభిప్రాయం ఇది: ఆడనివ్వండి, అయితే హద్దు మీరే గీయండి. కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి. ‘మూడు పరుగులే’ అని ముందుగా మాట తీసుకోండి. కాలం మనకు అప్పగించిన అమానత్. ఆ మాట పిల్లలు నిలుపుకోవాలంటే, ముందు పెద్దలమైన మనం మన ఫోనును పక్కన పెట్టాలి.