ఉదయగిరి గరిటె

ఆత్మకూరు బజారులో నేడు కూరగాయల అంగళ్లయందు కూడ క్యూఆర్ గుర్తు వ్రేలాడుచున్నది. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట చిల్లర బాధ చాలవరకు తీరినది. దీనిని చూచి మన చిన్న వర్తకము ఆన్‌లైన్‌కెక్కినదని సంతోషించువారు కలరు. నాకు ఆ సంతోషములో సగమే మిగులుచున్నది. డబ్బు పుచ్చుకొనుట వేరు, సరుకు అమ్ముకొనుట వేరు.

ఉదయగిరినే చూడుడు. దుర్గపు కొండల కలపతో అక్కడివారు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుదురు. చెక్కువారిలో స్త్రీలు చాలమంది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. 1999 నాటి చట్టము ననుసరించి ఆ పేరు వాడుకొను హక్కు అక్కడి పనివారిది. కాని ఫోనులో ‘చెక్క గరిటె’ యని వెదకినవారికి యంత్రపు గరిటెలు బారులు తీరి కనబడును. చేతిపనికిని యంత్రపు పనికిని బొమ్మలో భేదము తెలియదు. ధరలో భేదము మాత్రము చక్కగా తెలియును!

ఆ భేదమెందుకో మాటలలో చెప్పవలెను. ఏ కలప, ఎంత పొడవు, ఎన్నాళ్లు పట్టినది, ఎట్లు కడుగవలెను? ఈ నాలుగు మాటలు పనివారు వ్రాసికొననిచో దళారి వ్రాయును. అప్పుడు ఖాతా అతని పేర నుండును. కొన్నవారి మెప్పు కూడ అతనికే చేరును.

ఉపాధ్యాయులారా, వ్యాసరచనకు ఇంకను ఆవు ఎందుకు? బల్లమీద ఒక గరిటె నుంచి, తెలుగునను ఇంగ్లీషునను వర్ణింపుమని పిల్లలకు చెప్పుడు. చెక్కినవారి పేరు మొదటి పంక్తిలోనే ఉండవలెను. ఫోటో మాత్రము మిట్టమధ్యాహ్నపు ఎండలో తీయనీయకుడు. కలప రంగు వెలవెలపోవును.