వేలి బుడిపెకు సూది మందు కాదు
బిలాస్‌పూర్ పక్కనున్న కోనిలోనైనా, కోనసీమలోనైనా వేలి చివరి కణుపు దగ్గర నిగనిగలాడే బుడిపె కనిపిస్తే సూదితో పొడిచి పిండేయాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు.

అది చర్మం మీది పొక్కు కాదు. వయసుతో కీలు అరిగినప్పుడు ఎముక అంచున చిన్న మొలకలు పెరుగుతాయి. కీలులోని జిగురు ద్రవం పైకి ఉబికి చర్మం కింద తిత్తి కడుతుంది. అదే మ్యూకస్ సిస్ట్. ఇది క్యాన్సర్ కాదు. గోరు మొదలును ఒత్తితే గోటిపై గాడి పడుతుంది. ఇంట్లో పొడిస్తే సూక్ష్మజీవులు కీలు దాకా చేరి చీము పట్టవచ్చు.

వైద్యుడు చూసి ఇదేనని తేల్చాక, బాధ లేకపోతే వదిలేయవచ్చు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి. వైద్యుడు సూదితో ద్రవం తీసినా తరచూ మళ్లీ వస్తుంది. శస్త్రచికిత్సలో తిత్తితోపాటు ఎముక మొలకనూ తొలగిస్తే తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. కానీ వేలు కొంత బిగుసుకోవచ్చు. పానా పట్టే రైల్వే కార్మికుడికి అది చిన్న నష్టం కాదు.

తిత్తి కారుతున్నా, ఎర్రబడి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. మిగతావారికి తొందర లేదు. బుడిపెతోపాటు అరిగిన కీలు సంగతీ వైద్యుడు విడమరచి చెప్పాలి. అప్పుడే కోత కావాలో వద్దో రోగి తేల్చుకోగలడు.