ద్వితీయ పాఠకుని కొఱకు



పురాతన తెలుగు గ్రంథములను అంతర్జాలమున సర్వజనసులభముగా నిలుపుచున్న తెలుగు వికీసోర్స్‌ను గూర్చి ఒక విన్నపము. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాకు ఇది సోదరి. ఇచట వేతనము లేదు, యజమాని లేడు. పాత ముద్రణమును స్కాన్ చేసి, యంత్రముచే అక్షరములుగా మార్పించి, ఆ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచుకొని స్వచ్ఛందసేవకులు అచ్చుదిద్దుదురు. దిద్దని పుటకు ఎఱుపు, ఒకరు దిద్దినదానికి పసుపు, వేఱొకరు సరిచూచి ఆమోదించినదానికి ఆకుపచ్చ రంగులు గుర్తులు. దిద్దినవారే ఆమోదించుటకు వీలులేదు. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

వేదాధ్యయనమున ఒకే మంత్రమును పద, క్రమ, జటా, ఘనపాఠములుగా వల్లించుట, ప్రక్కన సహాధ్యాయి చెవియొగ్గి వినుట ఎందులకు? తన అపస్వరము తనకు వినబడదు. ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరము తప్పిన త్వష్ట కథ ఎఱుగనివారెవరు? యంత్రము చేయు తప్పులు అంతకంటె సూక్ష్మములు. ‘థ’లోని చుక్క ఒక్కటి జాఱినచో ‘వేదార్థము’ ‘వేదార్ధము’ అగును. అర్థము పోయి సగము మిగులును! దిద్దినవాని కన్ను తాననుకొన్నదే చదువును. ఆ లోపము ఇతరునికే గోచరించును.

అయినను క్రొత్త గ్రంథమును చేపట్టుటయందున్న ఉత్సాహము, పరులు దిద్దిన పుటను సరిచూచుటయందు ఉండదు. మొదటివానికి పేరున్నది, రెండవవానికి లేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన, దానిని రాజరాజనరేంద్రునికే అంకితము చేసి, నన్నయ రచనయే యన్నట్లు నడిపెను. అట్టి మనస్సుగలవారు కావలెను.

కార్యనిర్వాహకులు ‘గ్రంథమును పూర్తిచేయుడు’ అని పిలువరాదు. గ్రంథమనగానే మనుష్యుడు వెనుదీయును. దినమునకు రెండు పసుపు పుటలు చాలును. మా నారాయణగూడ ప్రాంతముననే చూడుడు: చిక్కడపల్లి గ్రంథాలయమున పోటీపరీక్షలకు చదువు యువకులున్నారు, సాయంకాలము ఆలయమండపమున కూర్చుండు విశ్రాంత ఉపాధ్యాయులున్నారు. వీరిని జంటలుగా కూర్పవలెను. యువకునికి కీబోర్డు తెలియును, వృద్ధునికి ఛందస్సు తెలియును. పద్యమున యతి తప్పినచోట తఱచుగా అక్షరదోషమే దాగియుండును.

అయితే ముద్రితప్రతిలోని పాఠమును మన పాండిత్యముచే ‘సంస్కరింప’రాదు, ప్రతి ఎట్లున్నదో అట్లే ఉంచవలెను. మావంటి పండితులకు కష్టమైనది ఇదియే! రచయిత గతించి 60 సంవత్సరములు నిండని గ్రంథములను అనుమతి లేక చేర్పరాదు.

‘ఎవరైనను మార్పవచ్చునట, పాడుచేసినచో?’ అని కొందఱి శంక. ప్రతి మార్పు చరిత్రలో నిలిచియుండును. పూర్వరూపమును క్షణములో మరలింపవచ్చును.

స్వరసహితమైన సంహితలను మాత్రము గురుముఖముననే అభ్యసింపుడు. పురాణములు, శతకములు, వ్యాఖ్యానములు ఈ పనికి తగినవి. తొలుత మీకు కంఠస్థమైన శతకమునుండి ఒక పసుపు పుట తెఱచి చూడుడు.