ఏడుగురు చూస్తున్నారు, ఒక్కరూ పలకరు

పోయిన నెల మనం వంటింటి మాటలు నేర్చుకున్నాం. ఈ నెల పిల్లల గదిలోకి వెళ్దాం. అక్కడ కంప్యూటర్ ఉంది, హెడ్‌ఫోన్లు ఉన్నాయి, ఆట నడుస్తోంది.

మా అక్క కొడుకు డర్బన్ దగ్గర ఫీనిక్స్‌లో ఉంటాడు. వాడికి 17 ఏళ్లు. శనివారం రాత్రి మైన్‌క్రాఫ్ట్ ఆడుతూ ట్విచ్‌లో లైవ్ పెడతాడు. ఈమధ్య ఆ లైవ్‌ని తెలుగులో చేయడం మొదలుపెట్టాడు. తనకు వచ్చినంత తెలుగులోనే.

మొదటి రాత్రి నేనూ చూశాను. మొత్తం ఏడుగురం ఉన్నాం. వాడు గంటసేపు ఆడాడు. చాట్‌లో ఒక్క మాట లేదు. చివరికి "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. నిజం చెప్పేస్తున్నాను, నేనూ పలకలేదు.

ఎందుకు? తప్పు రాస్తానేమోనని భయం! ప్రతి నెలా ఈ పేజీ రాసే నాకే అంత భయమైతే, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మీ సంగతి నాకు అర్థమవుతుంది.

ఆ రాత్రి నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ నాతో తెలుగులోనే మాట్లాడేది. "తిన్నావా?" అని అడిగేది. నేను "యెస్, అవ్వా" అనేదాన్ని. అవ్వ ఎప్పుడూ కోప్పడలేదు. కానీ మెల్లమెల్లగా తెలుగులో అడగడం మానేసింది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్‌కు వచ్చింది. 1911 వరకు అలా ఓడలు వస్తూనే ఉన్నాయి. మన పెద్దలు అంత దూరం మోసుకొచ్చిన భాష చాలా ఇళ్లలో ఇలాగే ఆగిపోయింది. వినేవాళ్లు లేక కాదు, బదులు పలికేవాళ్లు లేక.

అందుకే మీలో ఎవరైనా లైవ్ పెడుతుంటే, చూసేవాళ్లతో ఎలా మాట్లాడించాలో నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా, అడిగే తీరు మార్చండి. "ఆట ఎలా ఉంది?" అంటే జవాబు చెప్పడానికి వాక్యం కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు వాక్యం బరువు. ఒక్క మాటతో జవాబు వచ్చేలా అడగండి. "ఇల్లు ఎక్కడ కట్టను? కొండ మీదా, చెరువు పక్కనా?" అనండి. "కొండ" అని రాస్తే చాలు. "మటన్ బన్నీనా, బీన్స్ బన్నీనా?" అని అడిగి చూడండి. డర్బన్‌లో పుట్టినవాళ్లు ఆ ప్రశ్నకు ఊరుకోలేరు!

అడిగాక కాస్త ఆగండి. మీ మాట చూసేవాళ్లకు కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. తర్వాత వాళ్లు ఆలోచించాలి, అక్షరాలు వెతకాలి, రాయాలి. మీరు మూడు సెకన్లకే "ఎవరూ చెప్పరా? సరే" అనేస్తే, సగం రాసినవాళ్లు చెరిపేస్తారు. ఆడుతూ, కబుర్లు చెబుతూ ఉండండి. జవాబు వస్తుంది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా పరవాలేదని ముందే చెప్పండి.

ఎవరైనా రాస్తే, వాళ్లు చాట్‌లో పెట్టుకున్న పేరుతో పిలిచి ఆ మాటను పైకి చదవండి. తను రాసిన తెలుగు మాట ఇంకొకరి నోట వినడం చిన్న సంతోషం కాదు. కానీ ఊరికే చూస్తున్నవాళ్లను "మీరెందుకు మాట్లాడరు?" అని నిలదీయకండి. వాళ్లు వెళ్లిపోతారు. మళ్లీ రారు.

తప్పులు వస్తాయి. వాటిని ఎత్తి చూపకండి. ఒకరు "నేను నిన్న చూసింది" అని రాశారనుకోండి. "తప్పు, 'చూశాను' అనాలి" అంటే వాళ్ల నోరు మూతపడుతుంది. "ఓ, నిన్న చూశారా? నేనూ నిన్ననే చూశాను" అనండి. సరైన మాట వాళ్ల చెవిన పడింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

ఒక జాగ్రత్త. తెలుగువాళ్లం కలవగానే "మీదే ఊరు? ఎవరి పిల్లలు?" అని అడుగుతాం. గుడిలో అడగండి, పెళ్లిలో అడగండి. లైవ్‌లో వద్దు. అక్కడ ఎవరు చూస్తున్నారో మనకు తెలియదు. ఇల్లు, బడి, ఫోన్ నంబరు అడగకండి, చెప్పకండి. చాట్ చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని మాడరేటర్‌గా పెట్టుకోండి.

ఇక మావాడి సంగతి. మూడో శనివారం వాడు ఒక గుట్ట మీద నిలబడి, "ఇక్కడ నిలువుగా కిందికి తవ్వనా?" అని అడిగాడు. మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకు తెలుసు, అలా ఎప్పుడూ తవ్వకూడదు. కింద గుహ ఉంటే పడిపోతాం. లావా ఉంటే దాచుకున్నవన్నీ కాలిపోతాయి. చాట్‌లో మొదటి మాట వచ్చింది: "వద్దు". తర్వాత ఇంకొకరు: "వద్దు వద్దు". నేనూ ఆగలేక "లావా ఉంటుంది రా!" అని రాసేశాను. వాడు నవ్వి, తవ్వాడు. లావాలో పడ్డాడు. ఒకేసారి నలుగురు రాశారు: "అయ్యో!"

ఆ మాట మనకెవరికీ ఎవరూ నేర్పలేదు. ఇంట్లో విన్నాం, అంతే. అలా విన్న మాటలు మనందరి లోపలా ఉన్నాయి. బయటికి రావడానికి ఎవరో ఒకరు అడగాలి.

ఈ నెల మాటలు (చాట్‌లో రాయడానికి):

వద్దు: ఆ పని చేయకు అని చెప్పడానికి.
ఆగు, ఆగండి: ఆడేది చిన్నవాళ్లయితే "ఆగు", పెద్దవాళ్లయితే "ఆగండి".
జాగ్రత్త: వెనక ఏదో వస్తున్నప్పుడు.
భలే: బాగా ఆడినప్పుడు.
అయ్యో: ఓడిపోయినప్పుడు.
మళ్లీ ఆడు: "అయ్యో" తర్వాత తప్పకుండా రాయవలసిన మాట.

ఈ నెల పని ఒక్కటే. ఎక్కడైనా తెలుగు లైవ్ కనిపిస్తే, పైవాటిలో ఒక్క మాట రాయండి. ఒక్కటి చాలు.

మావాడు ఇప్పుడు లైవ్ మొదలుపెట్టగానే "తిన్నారా?" అని అడుగుతాడు. నేను ప్రతిసారీ మొదట రాస్తాను: "తిన్నాను".

వచ్చే నెల కలుద్దాం.