చల్లనిపొగ: రుచికా? నిలువకా?

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దల మాట. ఆ నిప్పును దూరముగా నుంచి, చల్లబడిన పొగను మాత్రమే తినుపదార్థమునకు పట్టించు విద్య యొకటి కలదు. స్కాట్లాండు, నార్వే మున్నగు శీతలదేశములలో సాల్మన్ అను చేపకు ఉప్పు పట్టించి, సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడిన పొగలో గంటలతరబడి యుంచుదురు. చేప ఉడకదు, పచ్చిదిగనే యుండి పొగరుచిని పొందును. ఇప్పుడు మన సభ్యులలో కొందరు యువకులు ఈ విద్యయందు ఆసక్తి గలవారై, పొగపెట్టెలు కొనుటకు సంఘము ఋణమీయవలెనని కోరుచున్నారు. వారి యుత్సాహము మాకు సంతోషకరమే. అయినను ఋణమునకు ముందు విచారణ యుండవలెను.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. చల్లనిపొగ రుచి నిచ్చునేగాని నిలువ నీయదు. ఈ భేదమును గుర్తింపనిచో ఋణము తీసికొన్నవారు సొమ్మును, తిన్నవారు ఆరోగ్యమును పోగొట్టుకొందురు.

పొగ మనకు క్రొత్తది కాదు. విత్తనపు మొక్కజొన్నకండెలను వంటయింటి పొయ్యిపైన వ్రేలాడగట్టుట రైతుకుటుంబములు ఎరిగినదే. నాగభూములలో మాంసమును పొయ్యిపై దినములతరబడి వ్రేలాడదీయుదురు. లక్షద్వీపములలోని మినికాయియందు సూరచేపను మొదట ఉడుకబెట్టి, పిమ్మట పొగబెట్టి, ఎండలో గట్టిపడువరకు ఎండబెట్టుదురు. దానిని మాస్‌మిన్ అందురు. అది నెలలతరబడి నిలుచును. ఈ పద్ధతులలో పదార్థమును కాపాడునది పొగయొక్కటే కాదు. వేడిమి సూక్ష్మజీవులను చంపును. ఎండుట తేమను పోగొట్టును. పొగ వానికి తోడ్పడును. చల్లనిపొగయందు వేడిమియు లేదు, చాలినంత యెండుటయు లేదు.

పొగలోని గుణము పదార్థపు పైపొరకే తగులును. లోపలి మాంసము పచ్చిగనే యుండును. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిచెందును. మన కోస్తాజిల్లాలలో వైశాఖ జ్యేష్ఠములందు రాత్రివేళ సైతము 25 డిగ్రీలకు తగ్గుట అరుదు. అట్టి గాలిలో పచ్చిచేపను పదిగంటలు పొగపెట్టెలో నుంచుట, దానిని చెడగొట్టుటకు తగిన యేర్పాటు చేయుటయే. గాలి చొరని కట్టలలో బొట్యులిజమను విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరుగవచ్చును. ఒక్కొక్కప్పుడు వాసనగాని రంగుగాని మారదు. లిస్టీరియా యను మరొకటి మంచుపెట్టె చలిలోను పెరుగును. గర్భిణులకును వృద్ధులకును అది మిక్కిలి ప్రమాదకరము. శీతలదేశములవారు ఉప్పుపాలును కొలిచి, పురుగులు చచ్చుటకు చేపను సున్నకు 20 డిగ్రీలు దిగువ గడ్డకట్టించి, అమ్మువరకు మంచుచలిలో నుంచుదురు. ఆ యేర్పాట్లు లేక, వారి పొగపెట్టెను మాత్రము తెచ్చుకొనుట ఎద్దులు లేక నాగలి కొనుట వంటిది.

కావున చేపలకును మాంసమునకును మనకు తగినది వేడిపొగయే. చేపను శుభ్రపరచి, ఉప్పునీట నానవేసి, పైతడి ఆరనిచ్చి, లోపలి మాంసము 63 డిగ్రీలకు తగ్గని వేడిమిలో అరగంటయైన నుండి చక్కగా ఉడుకునట్లు పొగబెట్టవలెను. అట్లు చేసినను తేమ మిగిలిన చేపను ఆ దినముననే వాడవలెను, లేదా మంచులో నుంచవలెను. ఘానాదేశమున చొర్కోర్ అను గ్రామము పేర వెలసిన పొయ్యిపై స్త్రీలు తట్టలను ఒకదానిపై నొకటి పేర్చి, తక్కువ కట్టెలతో ఎక్కువ చేపలకు పొగబెట్టుదురు. మట్టితో కట్టదగిన ఆ పొయ్యి మన మత్స్యకారసంఘములు పరిశీలింపదగినది. అయితే క్రొవ్వు నిప్పులపై పడి నల్లనిమసి పట్టకుండ చూడవలెను. ఆ మసిలో పుట్టకురుపు కలిగించు ద్రవ్యము లుండును. అందులో ముఖ్యమైన బెంజోపైరీను, పొగబెట్టిన చేపలలో కిలోకు 2 మైక్రోగ్రాములు మించరాదని యూరోపుసమాఖ్యవారు 2014 నుండి కట్టడిచేసిరి.

మరి చల్లనిపొగకు మన దేశమున పనియే లేదా? కలదు. ముందే ఎండి, తమంతట తాము నిలువయుండు పదార్థములకు అది చక్కగా నొప్పును. ఎండుమిరప, ఉప్పు, జీడిపప్పు, వెల్లుల్లి ఇట్టివి. గుంటూరు ప్రాంతపు మిరపయు, పలాస జీడిపప్పును మన రైతుల చేతిలోని సరకులే. మిరపలో తేమ నూటికి 10, 11 పాళ్లకు మించకుండ మొదట ఎండబెట్టవలెను. తడిమిరపకు పొగ వేసినచో బూజు ఆగదు. వెల్లుల్లిని పొగబెట్టిన పిమ్మట నూనెలో నూరబెట్టి బయట నిలువయుంచరాదు; పైన చెప్పిన బొట్యులిజము అందును పుట్టగలదు.

దీనికి కావలసిన సాధనము స్వల్పము. తుప్పుపట్టని ఉక్కుజాలిని రెండంగుళముల యెత్తు గోడలుగా వంచి, నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన కాలువ చేయవలెను. వరుసల నడుమ సందుండవలెను. లేనిచో నిప్పు ఒక వరుసనుండి మరొక వరుసకు దూకును. కాలువనిండ పొడి రంపపుపొట్టు నింపి ఒకకొనను అంటించినచో, మంట లేక, మెల్లగా రాజుకొనుచు పోవును. సుమారు 100 గ్రాముల పొట్టు ఎనిమిది, పది గంటలు పొగనిచ్చును. దీనిని పాత చెక్కపెట్టె యడుగున నుంచి, క్రింద గాలి చొరుటకును పైన పొగ పోవుటకును రంధ్రములు చేసి, నడుమ తట్టలు అమర్చవలెను. జింకుపూత గల రేకులు, జాలీలు వాడరాదు. మామిడి, తుమ్మవంటి గట్టికలప పొట్టు మంచిది. జిగురుకారు దేవదారుజాతి కలప, రంగువేసిన చెక్క, ప్లైవుడ్ల పొట్టు పనికిరావు.

మేమును గత పుష్యమాసమున ఇట్టి పెట్టెనొకదానిని చేయించి చూచితిమి. మొదటి రాత్రి పొట్టు చెమ్మగిలి యుండుటచేత పొగ దట్టమై, వెల్లుల్లి చేదెక్కి పారవేయవలసి వచ్చెను. పొట్టును రెండుదినములు ఎండబెట్టి, పైరంధ్రమును పెద్దది చేసిన పిమ్మట పలుచని నీలిపొగ వచ్చెను. మిరపయు ఉప్పును ఇంపైన రుచిని పొందెను. ఈ పనిని ఇంటిలోపల ఎన్నడును చేయరాదు. రాజుకొను పొట్టునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషవాయువు. తలుపులు మూసినయింట ప్రాణము తీయగలదు.

ఒక్కొక్కరికి వేరువేరుగ ఋణమిచ్చినచో పని త్వరగా సాగునని కొందరందురు. పని త్వరగా సాగును, నిజమే. నష్టమును అంతే త్వరగా వచ్చును. ఒక్కరి సరకు తిని నలుగురు జబ్బుపడినచో, ఆ యపకీర్తి ఊరి మిరప కంతటికిని అంటును. కావున మా సూచన యిది. సంఘము ఒక్క పెట్టెను ఉమ్మడిసొమ్ముతో చేయించి, ఒక శీతకాలము పరీక్షింపవలెను. పొట్టు తూకము, పట్టిన కాలము, పెట్టెలోని వేడిమి, సరకు తూకము పుస్తకమున వ్రాయవలెను. 2006 సంవత్సరపు ఆహారభద్రత, ప్రమాణముల చట్టముక్రింద అనుమతిని పొంది, కొద్దిసరకును అమ్మిచూడవలెను. కొనువారు రెండవమారు అడిగినప్పుడే ఋణపువిషయము మహాజనసభయెదుట పెట్టవలెను. చేపకును మాంసమునకును చల్లనిపొగపెట్టెల నిమిత్తము ఋణమిచ్చుట మాత్రము మేము సమ్మతింపము.

లాభము చిన్నదైనను నమ్మకము నిలిచినచో సంఘము నిలుచును. సభ్యులు ఈ విషయమును వచ్చు సమావేశమున చర్చించి, తమ నిర్ణయమును తెలుపుదురుగాక.