దైవసంకల్పమా, స్వార్థకల్పనయా?

"యాదృచ్ఛికమనునది లేదు, సర్వమును దైవసంకల్పమే" అను మాట నేడు భక్తుల నోట నిత్యము వినబడుచున్నది. మాట సత్యమే. దానిని వాడు తీరు శాస్త్రవిరుద్ధము.

ఆలయమునకు వచ్చువారు చెప్పు సంగతులను ఆలకింపుడు. జమ్మలమడుగులో బస్సు తప్పినదట, ఆ బస్సు దారిలో ప్రమాదమునకు గురియైనదట, కనుక స్వామి తన్ను రక్షించెనట. ప్రొద్దుటూరిలో బంగారము కొన్న మరునాడే ధర పెరిగినదట, అదియు స్వామి కటాక్షమేనట. పులివెందుల దగ్గర తన చీనీతోటలో బోరున నీరు పడి ప్రక్క తోటలో పడనిచో, తనపై స్వామికి ప్రత్యేకదృష్టి యున్నదట. వారి కృతజ్ఞతను నేను తక్కువ చేయను. కాని ఆ బస్సులో కూర్చున్నవానికి స్వామి లేడా? వాని తల్లి ఏ దేవునికి మ్రొక్కుకొని వానిని పంపినదో!

2021 నవంబరు 19 కార్తీక పౌర్ణమి. ఆనాటి వేకువన చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామములపై వరద విరుచుకుపడినది. అది నాడు మన కడప జిల్లాయే. పర్వదినమని శివాలయమున దీపములు వెలిగింప వెళ్లినవారును ఆ నీటిలో కొట్టుకొనిపోయిరి. బస్సు తప్పుట అనుగ్రహమైనచో, దీపము చేతబట్టి ఈశ్వరుని ముంగిట నిలిచినవారిది ఏమి? నిగ్రహమా? ఆ మాట అనగల భక్తుడు ఎవడైన నున్నచో వాని భక్తికి నేను దూరముగానే నిలిచెదను.

ఇంకొక అనర్థము కలదు. ఎగువ పింఛా కట్ట తెగుట, అన్నమయ్య ప్రాజెక్టు గేట్లలో ఒకటి తెరుచుకొనకపోవుట లోకవిదితములు. గేటు సంగతిని రాజ్యసభలో కేంద్ర జలశక్తి మంత్రియే ప్రస్తావించెను. ఇట్టిచోట "అంతయు దైవలీల" అని కన్నులు మూసికొనుట భక్తి కాదు, కర్తను దాచుట. గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ప్రతి కర్మకును ఐదు హేతువులు చెప్పెను: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, దైవము. దైవము ఐదవది. మనవారు మొదటి నాలుగింటిని దాటి, లాభము కలిగినపుడును బాధ్యత తప్పించుకొనవలసినపుడును నేరుగా ఐదవదానినే పట్టుకొందురు.

అట్లని అంతయు కాకతాళీయమే అను ఆధునికుల పక్షమును నేను అంగీకరింపను. ఆ పక్షము క్రొత్తదియు కాదు. శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరంభమునందే జగత్కారణము కాలమా, స్వభావమా, నియతియా, యదృచ్ఛయా అని ఋషులు విచారించిరి. యదృచ్ఛతో తృప్తిపడక ధ్యానయోగమున దేవాత్మశక్తిని దర్శించిరి. ఈశ్వరుడు లేని సంఘటన లేదు. ఆయన పక్షపాతియై చేయు సంఘటనయు లేదు. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయమున వైషమ్యము, నైర్ఘృణ్యము అను రెండు దోషములను ఈశ్వరునినుండి తొలగించిన సూత్రకారుని భావమిదియే. శంకరభగవత్పాదులు అచట వాన దృష్టాంతము చూపిరి. వాన ఒక్కటే, విత్తనమును బట్టి పైరు. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగకు, పులివెందుల తోటలకు వేరువేరు మేఘములు లేవు.

ఆ విత్తనము ప్రాణుల కర్మ. ఐనచో చెయ్యేటిలో పోయినవారి కర్మ యిట్టిదని తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. అది సర్వజ్ఞుడు ఎరుగవలసిన లెక్క, పొరుగువాడు విప్పవలసిన చిట్టా కాదు.

మరి బస్సు తప్పినవాడు ఏమి గ్రహింపవలెను? యదృచ్ఛగా లభించినదానితో తృప్తి చెందువానిని గీత నాలుగవ అధ్యాయమున ప్రశంసించినది. ఆ లాభమును తన యోగ్యతాపత్రముగా చూపుకొనుమని అచట లేదు. అతడు స్వామికి కొబ్బరికాయ కొట్టనీ. కొట్టిన పిదప, ఆ బస్సులోనివారు ఏ ఆసుపత్రిలో నున్నారో, ఎవరికి రక్తము కావలెనో విచారింపవలెను. మిగిలిన ప్రాణమునకు ప్రయోజనము అచట దొరకును, వాట్సాప్‌లో తన మహిమ చాటుకొనుటలో కాదు.

వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చు గండి క్షేత్రమున మన పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. లంకనుండి మరలివచ్చు శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెనని, అది అంత్యకాలము సమీపించిన పుణ్యాత్ములకే కనబడునని ప్రతీతి. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరై, పిమ్మట మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనబడెనని జిల్లా గెజిటీరు సైతము ఆ గాథను నమోదు చేసినది. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. మన మతమువాడు కానివానికి, పరదేశికి, స్వామి తోరణము కనబడినదని చెప్పుకొన్న ఆ ముసలివారి హృదయవైశాల్యమును ముందు చూడుడు. తోరణము చూచినందువలన మన్రోకు ఆయువు పెరుగలేదు, పదవియు పెరుగలేదు.

గండిలో తలయెత్తి ఆ కొండల నడుమ చూచువారు నేటికిని కలరు. తోరణము తనకు కనబడవలెనని మ్రొక్కుకొన్నవానిని మాత్రము నేను ఇంతవరకు ఎరుగను.